నాగత్త వెలిగించిన లాంతర్లు

మొన్న పావగడ బజారులో మా ఆయన బండి చైను వదులైందని ఒక మెకానిక్ షాపు ముందు ఆగాము. మెకానిక్ చైను విప్పి, రేకు డబ్బాలో ముంచి, అరిగిపోయిన బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టాడు. ఎండకు కాగిన తారు వాసననూ, పక్క హోటల్లో వేగుతున్న బజ్జీల వాసననూ తోసుకుంటూ ఇంకొక వాసన వచ్చి నేరుగా నా గొంతులోకి దిగింది. కిరసనాయిలు. మా వైపు దాన్ని సీమనూనె అంటాం. ఎన్నేళ్లైందో ఆ వాసన తగిలి.

"ఇంకా దొరుకుతాదాప్పా ఇది?" అని అడిగాను.

"యాడ దొరుకుతాదక్కా, సొసైటీలో పోసేది ఎప్పుడో నిలిపేసినారు. పాతది రొంత దాపెట్టుకున్నా, ఇనుము కడిగేదానికి" అన్నాడతను తలెత్తకుండానే.

ఇనుము కడగడానికట. మా ఇంట్లో ఆ నూనె ఒక్క బొట్టు గచ్చు మీద పడితే నాగత్త దాన్ని చూపుడువేలితో అద్ది ఒత్తికి రాసేది. వేలిని కొంగుకు తుడుచుకోవడం కూడా దండగ అనుకునే మనిషి. ఆ షాపు ముందు, లారీల దుమ్ములో నిలబడి ఉండగా ఆమె నా పక్కన వచ్చి నిలుచున్నట్టే అనిపించింది.

నాగత్త మా నాయనకు అక్క. నాకు బుద్ధి తెలిసేటప్పటికే ఆమె మా ఇంట్లో ఉంది. మడకశిర దిక్కు ఒక పల్లెకు ఇచ్చారనీ, ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వచ్చేసిందనీ, కాపురం పొసగలేదనీ పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నాను. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొడుగ్గా, సన్నగా, చేతులు మోచేతుల దాకా నల్లగా కమిలి, నుదుట చిన్న బొట్టుతో, ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూనో సర్దుతూనో ఉండే మనిషి. ఆ ఇంట్లో నేను, నా చెల్లెలు పద్దు, అమ్మా నాయనా, నాయనను కన్న మా అవ్వ, నాగత్త. మా ఊరు తిరుమణికి దగ్గర్లోనే, గుట్టలకూ ఎర్ర చేలకూ మధ్య. వాన వచ్చిన ఏడు చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండేది, రాని ఏడు కంది కూడా పండేది కాదు. కాస్త నమ్మకంగా ఉన్నది బోరు కింద ఉన్న ఒక మడిచెక్క మాత్రమే. ఆ బోరేమో కరెంటు దయ మీద బతికేది.

కరెంటంటే మా ఊళ్లో అప్పుడు ఇంటి మనిషి కాదు, చుట్టం. ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే మాత్రం ఇల్లంతా ఉరుకులే. త్రీ ఫేజు వచ్చిందని ఎవరో వీధిలో కేక వేయగానే నాయన చేతిలో సంగటి ముద్ద పళ్లెంలోనే వదిలేసి మోటారు దగ్గరికి పరుగెత్తేవాడు. అమ్మ బిందెలు, కాగులు, చివరికి పప్పు వండే తపేలా కూడా నీళ్లతో నింపేది. నేను రాగుల గంప నెత్తిన పెట్టుకుని పిండి మిషను దగ్గర వరుసలో నిలబడేదాన్ని, నా వంతు వచ్చేసరికి మిషను బెల్టు ఊఁ అని మూలిగి ఆగిపోతే సగం రాగులు, సగం పిండి కలిసిన గంప అక్కడే పెట్టి, మళ్లీ కరెంటు వచ్చేదాకా ఆ వేడివేడి పిండి వాసనలో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కరెంటు లేని రోజుల కోసం నాయన పెరట్లో సగం భూమిలోకి దించి ఒక పెద్ద సిమెంటు తొట్టి కట్టించాడు. నిండితే పెద్దవాళ్లకు రొమ్ముల దాకా వచ్చేవి నీళ్లు. అది నిండి ఉంటే అవ్వ ముఖం నిండుగా ఉండేది, తగ్గితే చుట్టుపక్కల అందరి మీదా విసుక్కునేది.

చీకటికి సిద్ధం చేసే పని మాత్రం నాగత్తదే. అందులో ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు. పొద్దు పడమటి గుట్ట మీదికి వాలకముందే, మేకలు ఇంకా చేల నుంచి తిరిగి రాకముందే, ఆమె కొక్కేల నుంచి లాంతర్లు దించి, బుడ్డిదీపాలన్నీ ఒక చోటికి చేర్చి, పెరటి అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేది. పొయ్యిలోని బూడిదను పాత పంచె గుడ్డలో జల్లించి, ఆ మెత్తటి బూడిదతో లాంతరు గ్లాసును లోపలా బయటా రుద్ది, నోటి ఆవిరి పట్టి మళ్లీ తుడిచి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసేది. మసి ఒక్క గీత కనిపించినా మళ్లీ మొదటికి వచ్చేది. ఒత్తి కొసలను కత్తెరతో సమంగా కత్తిరించేది, గరాటుతో నూనె పోసేటప్పుడు ఊపిరి కూడా గట్టిగా పీల్చేది కాదు. తరవాత ఒక్కొక్క దీపాన్నీ దాని చోటికి చేర్చేది. వంటింటి గూటిలో ఒకటి, నడిమింటి స్తంభం దగ్గర ఒకటి, గడప పక్కన ఒకటి, కొట్టం వాకిట్లో ఒకటి. అగ్గిపెట్టె దేవుడి గూడులో, ఎడమ వైపు, ఎప్పుడూ అక్కడే. దాన్ని ఎవరైనా తీసి ఇంకో చోట పెడితే ఆ రోజు ఇంట్లో రామాయణమే. టార్చిలైటులోని బ్యాటరీలను మధ్యాహ్నం ఎండలో పెట్టి, ఎండ తగ్గగానే చేతుల్లోకి తీసుకుని, కోడి గుడ్లను పట్టుకున్నట్టు లోపలికి తెచ్చేది. పెరటి గడప నుంచి కొట్టం దాకా బట్టలారేసే తాడు ఒకటి కట్టించింది. పొద్దుగూకాక కొట్టంలోకి వెళ్లవలసి వస్తే ఆ తాడు మీద ఒక చెయ్యి వేసుకుని వెళ్లేది. అది ఆమెకు అలవాటు అనుకున్నాం అందరం.

కరెంటు పోయిందంటే ఊరి పిల్లలందరం ఒకేసారి "ఓ..." అని అరిచేవాళ్లం. ఏడుపూ కాదు, సంతోషమూ కాదు, రెండూ కలిసిన అరుపు అది. కాసేపటికి ప్రతి ఇంటి నుంచీ మనుషులు బయటికి వచ్చేవాళ్లు. మగవాళ్లు వీధిలో మంచాలు వేసుకునేవాళ్లు, ఆడవాళ్లు అరుగుల మీద కాళ్లు చాపుకుని విసనకర్రలతో విసురుకునేవాళ్లు, చెనిక్కాయల కాలమైతే ఉడికించిన కాయల గిన్నె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఖాళీ తొక్కలతో మా ఇంటికి చేరేది. మేము దాగుడుమూతలు ఆడేవాళ్లం. మా కళ్లు మూసే పెద్దమనిషి ఎప్పుడూ నాగత్తే. అరుగు మీద ఒకే చోట కూర్చుని, దొంగ అయిన వాళ్ల తలను ఒళ్లో పెట్టుకుని, బూడిద వాసన వేసే అరచేతులతో కళ్లు మూసి పాట పాడేది. మిగతా ఆడవాళ్లు నీళ్లకనో, పక్కింటికనో లేస్తూ కూర్చుంటూ ఉండేవాళ్లు. నాగత్త మాత్రం చీకటి పడ్డాక ఆ అరుగు దిగేది కాదు. కథలు చెప్పమంటే చెప్పేది. ఎంతసేపైనా చెప్పేది. అంత ఓపిక ఇంకెవరికీ లేదని మేము మురిసిపోయేవాళ్లం.

అవ్వ మాత్రం పొద్దుగూకితే చాలు గొణుగుతూనే ఉండేది. "గడప కాడ ఈ బిందె ఎవురు పెట్టినారే!" "నడిమింట్లో కోడిని కమ్మిన గంప అట్లే ఉండాది, ఎవురికీ పట్టదా?" "ఈ పాడు దూడ పలుపు తెంపుకోని దావలో పండుకోనుండాది!" ముసలితనం, నోరు ఊరుకోదు అని అమ్మ నవ్వుకునేది. మేమూ నవ్వేవాళ్లం.

పండగలన్నిట్లోకీ నాగత్తకు దీపావళి అంటే ప్రాణం. ఆ సాయంత్రం ఊరంతా వాకిళ్లలో వరుసగా ప్రమిదలు వెలిగించేది. అత్త కొత్త చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా వీధిలో నడిచేది. అందరి వాకిళ్ల దగ్గరా ఆగి పలకరించేది. ఆ ఒక్క పండగకే ఆమె అట్లా తిరిగేది. ఉగాది మాత్రం వేరు. ఓళిగలకు, అవే బొబ్బట్లకు, పప్పు రుబ్బడం, బెల్లం పాకం చూడడం, నెయ్యి కాచడం అంతా ఆమె చేతుల మీదుగానే జరిగేది గానీ, పండగ మరునాటి సాయంత్రం సన్నని నెలవంకను చూడడానికి అందరం మిద్దె ఎక్కితే మాత్రం ఆమె వెనకనే నిలబడేది. "అదో! అదో!" అని ఎవరో చెయ్యి చాపగానే అందరూ చేతులు జోడించేవాళ్లు. అత్త కూడా జోడించేది. "ఆఁ, కనపడింది, కనపడింది" అనేది. ఒకసారి నేను ఆమె వైపు చూశాను. నెలవంక గుట్ట మీద ఉంటే ఆమె ముఖం చింతచెట్టు వైపు తిరిగి ఉంది. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. కళ్లు మూసుకోలేదు. అయినా నాకు ఏమీ తట్టలేదు. పిల్లలకు పెద్దవాళ్ల మీద అనుమానం రాదు కదా.

ఒక ఏడు కార్తీకంలో చెనిక్కాయ పీకి చేలో వామి వేశారు. మంచి కాపు. నాయన రోజూ పోయి ఒక చెట్టు ఊడదీసి, కాయలు చేతిలో ఊపి చూసుకుని నవ్వుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ మండింది. తరవాత ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, నల్లటి మబ్బులు గుట్టల వెనక నుంచి లేచి ఊరి మీదికి కమ్ముకున్నాయి. వామి తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. నాయనా, అమ్మా, అవ్వా టార్పాలు చుట్టలు భుజాన వేసుకుని చేనికి పరుగెత్తారు. "పాపను చూసుకో అక్కా" అని నాయన అరుస్తూనే పోయాడు. నేనప్పటికే పిండి మిషను దగ్గర ఉన్నాను. ఇంట్లో నాగత్త, పద్దు మాత్రమే. పద్దుకు అప్పుడు ఇంకా మాటలు సరిగా రావు.

గాలి మొదలైంది. మిషను మూలిగి ఆగింది. చూస్తుండగానే వెలుతురు ఆరిపోయినట్టయింది. పొద్దు ఇంకా గుట్ట దిగకముందే సంజె చీకటి. దీపాలు తుడిచే వేళ కూడా అప్పటికి కాలేదు. పిండి గంప మీద గోనెపట్టా కప్పి నేను ఇంటికి పరుగెత్తాను. పెద్ద పెద్ద చినుకులు వీపు మీద రాళ్లలా పడుతున్నాయి. ఇంటి ముందు వాకిలి తలుపు గాలికి కొట్టుకుంటోంది. "అత్తా!" అని పిలిచాను. లోపల ఎవరూ లేరు. నడిమింట్లో ఒక లాంతరు పక్కకు పడి, గ్లాసు ముక్కలై ఉంది. పెరట్లో నుంచి ఒక అరుపు వినబడుతోంది. అది అత్త గొంతని నాకు వెంటనే తెలియలేదు. అట్లాంటి గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు.

పెరట్లోకి పోయి చూస్తే నాగత్త తొట్టిలో ఉంది. చీర కట్టుకున్నది కట్టుకున్నట్టే, రొమ్ముల దాకా నీళ్లలో, మీద వాన కురుస్తుండగా, వంగి వంగి రెండు చేతులతో నీళ్ల అడుగున వెతుకుతోంది. మునుగుతోంది, లేస్తోంది, "పద్దూ! నా తల్లీ! పద్దూ!" అని అరుస్తోంది, మళ్లీ మునుగుతోంది. పద్దు నీళ్లలో పడిందనుకున్నాను. అంతలో చూశాను. కొట్టం వాకిట్లో, తొట్టికి నాలుగు బారల దూరంలో, పద్దు మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వాన పడకుండా రేకు కింద ముడుచుకుని, అత్త నీళ్లలో ఏం ఆట ఆడుతోందో అర్థం కాక, నోట్లో వేలు పెట్టుకుని చూస్తోంది.

"అత్తా, పద్దు ఈడనే ఉండాది! కొట్టం కాడ!" అని అరిచాను.

"యాడ? యాడమ్మే?" అని అత్త ముఖం తిప్పింది. కొట్టం వైపు కాదు, గోడ వైపు.

"అదో అత్తా, నీ ఎదురుగానే గదా!"

"యాడ... యాడ..." ఆమె రెండు చేతులూ ముందుకు చాపి గాలిని తడుముతోంది. కళ్లు పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. వాన నీళ్లు ఆ కళ్లలో పడుతున్నా రెప్పలు వేయడం లేదు. పద్దు ఎదురుగా ఉంది, నేను ఎదురుగా ఉన్నాను, ఆ కళ్లలో మాత్రం మేమెవరమూ లేము. నాకు అప్పుడు భయం వేసింది. పద్దు నీళ్లలో పడిందనుకున్నప్పటి కంటే ఎక్కువ భయం.

నేను పద్దును ఎత్తుకుని తొట్టి గట్టు దగ్గరికి తెచ్చి అత్త చేతికి దాని కాలు అందించాను. ఆ చిన్న పాదం చేతికి తగలగానే అత్త దాన్ని పట్టుకుని, ముఖానికి అదుముకుని, నీళ్లలో నిలబడే బోరున ఏడ్చింది. అప్పుడే అమ్మా నాయనా అవ్వా తడిసి ముద్దై పెరట్లోకి వచ్చారు. నాయన చేతిలో టార్చి ఉంది. ఏం జరిగిందో నేను చెప్పనక్కర లేకపోయింది. నాయన టార్చి వెలుగు అక్క ముఖం మీద వేశాడు, పక్కకు తీశాడు, మళ్లీ వేశాడు. తరవాత టార్చి ఆర్పేశాడు.

"అక్కా, నీకు కనపడదా?" అన్నాడు మెల్లగా.

అవ్వ మాట్లాడింది. "చీకటిపడితే కనపడదురా దానికి. చిన్నప్పటి నుంచీ అంతే" అని గట్టు మీద కూలబడింది.

"నీకు తెలుసునా? ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

అప్పుడు అత్త అంది. "నేనే వద్దన్న్యా. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లోళ్లు పెరుగుతాండారు. వీళ్ల మేనత్తకు రేచీకటంట అని ఊరంతా అనుకుంటే, రేపు వీళ్లను ఎవురు చేసుకుంటారురా?"

నాయన తొట్టిలోకి దిగి, అక్కను రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లను ఎత్తినట్టు పైకి ఎక్కించాడు.

ఆ రోజు నుంచి నాకు ఒక్కొక్కటే అర్థం కావడం మొదలైంది. అవ్వ గొణుగుడు గొణుగుడు కాదు. దారిలో బిందె ఉందని, గంప ఉందని, దూడ పడుకుని ఉందని కూతురికి చెప్పడం అది. తల్లీ కూతుళ్లు ఇద్దరే మాట్లాడుకునే భాష అది, మా అందరి ముందూ, మాకు తెలియకుండా. కరెంటు పోవడం నాగత్తకు కష్టం కాదు, చాటు. చీకట్లో అందరూ తడుముకుంటారు కాబట్టి ఆమె తడుముకోవడం ఎవరికీ కనిపించలేదు. కరెంటు లేని ఊళ్లో ఆమె అందరిలాంటి మనిషిగా బతికింది.

చాలా ఏళ్ల తరవాత ఒక మధ్యాహ్నం, చెనిక్కాయలు ఒలుస్తూ, మడకశిర దిక్కు కాపురం సంగతి కూడా ఆమే చెప్పింది. ఒక పొద్దుగూకే వేళ అత్తగారి అన్నం పళ్లెంలో కాలు పెట్టిందట. ఇంకోసారి పాల కుండ తన్నిందట. "కండ్లు నెత్తికెక్కినాయి దీనికి, అనింది మా అత్త. నేను నోరు తెరవలేదు. కండ్లు కనపడవు అనిపించుకునేదాని కంటే నెత్తికెక్కినాయి అనిపించుకునేదే మేలని అనుకున్న్యా. అంతేమ్మే, పంపించేసినారు" అని నవ్వింది. ఆమె చేతులు మాత్రం ఒలవడం ఆపలేదు.

నాయన ఆమెను తుమకూరుకు, అక్కడి నుంచి బెంగళూరుకు తీసుకుపోయాడు. పెద్ద డాక్టర్లు చూశారు. పుట్టుకతో వచ్చిన జబ్బని, మందు లేదని, చూపు పక్కల నుంచి మెల్లగా మూసుకుంటూ వస్తుందని, కొన్నేళ్లకు పగలు కూడా కనపడదని చెప్పారు. మా అక్కచెల్లెళ్ల కళ్లు కూడా పరీక్ష చేయించాడు. మాకు ఏమీ లేదు. ఆ మాట విని నాగత్త బస్సులో వచ్చినంతసేపూ నవ్వుతూనే ఉందని నాయన చెప్పాడు. మాకు పెళ్లిళ్లు కూడా అయ్యాయి, వచ్చినవాళ్లెవరూ మా మేనత్త కళ్ల గురించి అడగనే లేదు. ఆమె అన్నేళ్లు మోసిన భయం ఎవరికీ అవసరం లేకుండా పోయింది.

ఇంట్లో అందరూ ఆమె మీద ప్రేమ పెంచుకున్నారు. అదే ఆమెకు శిక్ష అయింది. లాంతర్లు అమ్మ చేతికి వచ్చాయి. నూనె డబ్బా అటక మీదికి ఎక్కింది. సాయంత్రం కాకముందే ఆమెకు మంచం వేసి, దాని మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టేవాళ్లు. "గ్లాసులన్నా నేను తుడుస్తానే. పగలు గదా, కనపడతాది" అని ఆమె అమ్మను అడిగిన సాయంత్రం నాకు బాగా గుర్తు. "వద్దులే వదినా, పగిలి చెయ్యి కోసుకుంటే ఎట్ల? నువ్వు కూచో" అంది అమ్మ. ఎంత మెత్తగా అందో! అత్త కూర్చుంది. అమ్మ ఏదో గుడ్డతో రెండు తిప్పులు తిప్పి లాంతరు వెలిగించింది. గ్లాసులో మసి అట్లాగే ఉంది. ఇల్లంతా పసుపు పచ్చగా, మబ్బుగా కనిపించింది. ఆ వెలుతురు బాగాలేదని అత్తకు తెలియదు, ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇక వీధిలోని వాళ్లు ఆమెతో గట్టిగా అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు, చెవుడు వచ్చినట్టు. దీపావళి నాడు వీధిలో నడవడానికి రమ్మంటే "కాళ్లు నొప్పులు" అంది. ఉగాది మరునాడు మిద్దె ఎక్కడం మానేసింది. అవ్వ గొణుగుడు కూడా ఆగిపోయింది. ఇప్పుడు అందరూ బాహాటంగానే చెబుతున్నారు కదా, ఆమె గొంతుతో పనేముంది. తరవాత రెండు వానాకాలాలకే అవ్వ పోయింది.

నాకు ఊళ్లోనే పెళ్లయింది, ఊరి బడిలోనే పని దొరికింది. రోజూ సాయంత్రం పుట్టింటికి పోయి అత్త దగ్గర కాసేపు కూర్చునేదాన్ని. బోర్లు ఒకటొకటే ఎండిపోయాయి. చెనిక్కాయ విత్తడం తగ్గింది. తరవాత సోలార్ పార్కు వచ్చింది. మా చేను కూడా లీజుకు పోయింది. నాయన వామి వేసిన చోట, టార్పాలు పట్టుకుని పరుగెత్తిన చోట, కంచె వేసి, ఇనుప కాళ్ల మీద వాలుగా పలకలు నిలబెట్టారు. గుట్టల మొదళ్ల దాకా అవే. నాగత్తకు అప్పటికి చూపు పూర్తిగా పోయింది. చేను చూపించమని ఆమె అడిగితే ఒక పొద్దున చెయ్యి పట్టుకుని కంచె దాకా తీసుకుపోయాను.

"ఎట్లుండాదో చెప్పు" అంది.

"నీలంగా ఉండాదత్తా. దూరం నుంచి చూస్తే నీళ్లు నిలిచినట్టు మెరుస్తాంది" అన్నాను.

"నీళ్లా? మన చేన్లోనా?" అంది. కంచె తీగను పట్టుకుని నిలబడింది. "పాపం, మీ నాయన దీన్ని రోజూ చూడాల్సి వస్తాంది గదా" అని మాత్రం అంది.

ఆ పలకల్లో పుట్టే కరెంటు తీగల మీద ఎక్కడికో పోతుంది. మా ఊరికి కూడా ఇప్పుడు ముందులా కాదు, ఇళ్లకు దాదాపు రోజంతా ఉంటుంది. పోయినా నాయన పెట్టించిన ఇన్వర్టర్ ఒక్క టిక్కుమనే చప్పుడుతో అందుకుంటుంది. కరెంటు పోయిందన్న సంగతి కూడా తెలియదు. తొట్టిని పూడ్చి అక్కడ బాత్‌రూమ్ కట్టారు. లాంతర్లను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఇచ్చిన రోజు అత్త ఒక్కొక్కదాన్నీ చేతుల్లోకి తీసుకుని తడిమి చూసి, పక్కన పెట్టింది.

ఆ రోజుల్లోనే ఆమె ఒక కొత్త అలవాటు చేసుకుంది. సాయంత్రం నేను పోయి పక్కన కూర్చోగానే, "కరెంటు ఉండాదా?" అని అడిగేది. "ఉండాదత్తా" అనేదాన్ని. "ఊఁ" అని ఊరుకునేది. ప్రతి సాయంత్రం అదే ప్రశ్న. పద్దు హిందూపురం నుంచి వచ్చినప్పుడు "నీకెందుకత్తా కరెంటు సంగతి?" అని నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఎందుకో తెలుసు. ఉంటే అందరూ లోపల టీవీ ముందు ఉంటారు. ఆమె ఒక్కతే వాకిట్లో ఉంటుంది.

ఆమె పోయే ముందు వేసవిలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చి ఎక్కడో స్తంభాలు పడిపోయాయి. ఇన్వర్టర్ కూడా కాసేపటికి చేతులెత్తేసింది. ఊరంతా చీకటి. నేను పిల్లలతో పోయేసరికి అమ్మ కొవ్వొత్తి కోసం అరలన్నీ తడుముతోంది. అత్త మంచం మీద పడుకుని ఉంది, బాగా చిక్కిపోయింది అప్పటికి.

"కరెంటు ఉండాదా?" అంది.

"లేదత్తా. పోయింది. ఊరంతా పోయింది" అన్నాను.

ఆమె ముఖం ఎట్లా వెలిగిందో చెప్పలేను. మోచేతుల మీద లేచి కూర్చుంది. "అయితే ఏంది, అందరూ లోపలే కూచోనుండారు? బయటికి రాండి. మీ నాయనను పిలువు. మంచం వెయ్యమను" అంది. అమ్మ కొవ్వొత్తి వెతకడం మానేసి బయటికి వచ్చింది. నాయన మంచం వేశాడు. నా పిల్లలు ఫోన్లలో చార్జి అయిపోయి చేసేదేమీ లేక వచ్చి కూర్చున్నారు. పక్కిళ్లవాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చారు. తడిసిన మట్టి వాసన వేస్తోంది. అత్త ఒక్కొక్కరి పేరూ పిలిచి, పలికిన గొంతును బట్టి ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలుసుకుంది. తరవాత కథ మొదలుపెట్టింది. గొంతు చాలా సన్నగా వస్తోంది. పిల్లలు దగ్గరికి జరిగారు. కథ మధ్యలో ఎక్కడో లైన్‌మాన్ పని అయిపోయింది కాబోలు, ఇళ్లన్నిట్లో బల్బులు ఒక్కసారిగా వెలిగాయి. పిల్లలు లేచి లోపలికి పరుగెత్తారు. పక్కిళ్లవాళ్లు లేచారు. అత్త ఆ చప్పుళ్లన్నీ విని, కథను అక్కడితో ఆపేసి, "వచ్చింది గదా" అంది.

ఆ కథ ఏమైందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ చలికాలంలోనే పోయింది.

ఇప్పుడు పొద్దు గుట్ట దిగకముందే వీధి లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. అరుగులు చాలావరకు కొట్టేసి రోడ్డు వెడల్పు చేశారు. ఉన్న ఒకటి రెండిటి మీద ఎవరూ కూర్చోరు. పిల్లలకు ఆ "ఓ..." అన్న అరుపు తెలియదు. చేల వైపు చూస్తే పలకలన్నీ నల్లబడి, ఆకాశం కంటే ముందే చీకటి పడినట్టు ఉంటాయి. అలవాటుగా నేను ఇప్పటికీ ఆ వేళకు పుట్టింటికి పోతాను. నాయన మంచం మీద, అమ్మ టీవీ ముందు. అందరికీ కళ్లున్నాయి, అన్ని గదుల్లోనూ లైట్లున్నాయి, కాబట్టి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర లేదు. నేను వాకిట్లో కాసేపు నిలబడతాను. ఉండాదత్తా అన్న మాట నోటి దాకా వస్తుంది. ఎవరూ అడగరు కాబట్టి మింగేసి లోపలికి పోతాను.